ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

కిందటి నెల ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పేపరు పట్టుకుని కూర్చున్నానో లేదో గేటు చప్పుడైంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒకమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. "ఇంటి యజమాని గారున్నారాండీ?" అంది. "ఉన్నాను, చెప్పమ్మా" అన్నాను. పాపం, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. ప్రభుత్వ సేవల మీద ప్రజాభిప్రాయమట. ఒక్కో ప్రశ్నకీ నాలుగు జవాబులు. చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు. వీధి దీపాలు? బాగుంది. చెత్త బండి? ఫర్వాలేదు. ధ్రువపత్రాల జారీ? ఇక్కడ కొంచెం ఆగాను. "అది కాదమ్మా, మొన్న మా ఇంట్లో పనిచేసే ఆవిడ..." అని మొదలుపెట్టేసరికి ఆ పిల్ల దీనంగా మొహం పెట్టి, "మేడమ్, ఇందులో రాయడానికి చోటు లేదండీ. నాలుగింట్లో ఏదో ఒకటి చెప్పండి" అంది. సాయంత్రంలోగా ఇంకా నలభై ఇళ్లు తిరగాలట. సరే, ఫర్వాలేదు అని నొక్కుకోమన్నాను.

నొక్కుకోమన్నానే గానీ, ఆ 'ఫర్వాలేదు' మాత్రం పంటికింద రాయిలా ఉండిపోయింది. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి నలభై అయిదేళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది. కూతుర్ని డిగ్రీ చదివిస్తోంది. ఫీజు సాయానికి ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నారు. పొద్దున్నే మూడిళ్ల పని ముగించుకుని ఆఫీసుకి వెళ్లింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడట. ఆధార్ నంబరు కొట్టి, "మీ ఫోనుకి ఆరంకెలొచ్చాయి, చెప్పమ్మా" అన్నాడు. ఈవిడ తన బటన్ ఫోను తీసి చూసింది. ఏమీ రాలేదు. వచ్చేదాకా పక్కన కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చుంది.

ఆ అంకెలు ఎక్కడికెళ్లాయో ఇంటికొచ్చాక తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఆధార్ తీయించుకున్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. ఆ నంబరే అందరికీ ఇచ్చారు. ఇప్పుడా నంబరు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్న కొడుకు జేబులో ఉంది. రెండోరోజు వెళ్లి కొడుక్కి ఫోన్ చేస్తే, వాడు పరంజా మీద ఉన్నాడు, ఎత్తలేదు. ఆ అంకెలకి ఆయుష్షు పదినిమిషాలే. మూడోరోజు వాడు మేస్త్రీని బతిమాలి, కిందికి దిగి, ఫోను పట్టుకుని సిద్ధంగా కూర్చుంటే పనయింది. మూడు పూటలు. రెండిళ్లలో ఆలస్యానికి గొణుగుళ్లు. దాచుకోవడం ఎందుకు, ఆ గొణిగిన ఇళ్లలో మాదీ ఒకటి.

సైబర్ మోసాలు జరుగుతున్నాయి, ఓటీపీ కన్నతల్లికైనా చెప్పకండని ఒకపక్క ప్రకటనలు. ఇక్కడేమో కొడుకు తల్లికి చెప్పాలి, తల్లి కౌంటర్లో కుర్రాడికి చెప్పాలి, అందరూ వినేలా.

ఇంకో సంగతి ఉంది. ఆఫీసు లెక్కలో ఈ మూడు పూటలూ ఎక్కడా ఉండవు. అంకెలు కొట్టాకే కదా దరఖాస్తు పుట్టేది! అక్కడినుంచి లెక్కేస్తే ఆవిడ పని గడువుకంటే ముందే పూర్తయింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లని ఏ యంత్రం లెక్కపెడుతుంది?

నన్నీ విషయం ఇంతగా పట్టుకోవడానికి కారణం, ఇప్పుడు ప్రభుత్వాలు పనులన్నీ ఫోన్లోకి తీసుకొస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు మొదలుపెట్టారు. మంచి పనే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే ఎవరికి చేదు? మొదట్లో హైదరాబాద్‌లో 2001లో ఈ-సేవ వచ్చినప్పుడు కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కౌంటర్లో కట్టేసి అందరూ ఎంత సంతోషపడ్డారో మనకి గుర్తే. నేను ఫోన్లకి వ్యతిరేకిని కాను. నా బాధల్లా, ఇలాంటివి తయారు చేసేవాళ్ల ఊహలో ఒక మనిషికి ఒక ఫోను, ఆ ఫోను ఆ మనిషి చేతిలో, ఉన్నట్టు అనిపిస్తుంది. మన ఇళ్లలో అలా ఉందా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద నూటికి 54 మంది. తెలంగాణలో 60. ఆంధ్రప్రదేశ్‌లో 49. ఇంటర్నెట్టు ఎప్పుడైనా వాడామన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మందే. మగవాళ్లు అందుకు రెట్టింపుకి పైనే. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి, కాదనను. కానీ ఇంట్లో ఫోనుండటం వేరు, నా ఫోను నా దగ్గరుండటం వేరు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు నాదవటం మరీ వేరు. ఈ మూడో సంగతి ఏ సర్వే ప్రశ్నలోనూ నాకు కనిపించలేదు.

పొగలేని పొయ్యి కథ

అడక్కుండా చేసి పెట్టడం మన దేశానికి కొత్తేమీ కాదు. పొగలేని పొయ్యి గుర్తుందా? 1983లో కేంద్ర ప్రభుత్వం దాన్ని జాతీయ కార్యక్రమంగా మొదలుపెట్టి, 2002 దాకా నడిపింది. లక్షలకి లక్షల పొయ్యిలు పెట్టారు. ఉద్దేశం బంగారం లాంటిది. పొగతో ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పాడవకూడదని. మా అమ్మమ్మగారి ఊళ్లో కూడా ఒక గొట్టం, రెండు కళ్లతో పొయ్యి వచ్చింది. సెలవులకి వెళ్లినప్పుడు చూస్తే దాని మీద ఊరగాయ జాడీలున్నాయి. అమ్మమ్మ పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే వండుతోంది. అదేమిటి అమ్మమ్మా అంటే, "దాని మూతి చిన్నది, మన గుండిగ కూర్చోదే. పుల్లలు వేళ్లంత నరికి పెట్టాలి. గొట్టంలో మసి ఎవరు దులుపుతారు, నువ్వా?" అంది. పొయ్యి డిజైను చేసినవాళ్లకి పొగ ఎటు పోవాలో తెలుసు. గుండిగ ఎంతుంటుందో తెలియదు.

తర్వాత చాలా ఏళ్లకి, నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డ్యూఫ్లో, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి ఒడిశాలో ఇలాంటి మెరుగైన పొయ్యిల మీద నాలుగేళ్లు పరిశీలన చేసి 2012లో ఫలితాలు బయటపెట్టారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ లాభం మాయమైపోయింది. పొయ్యిని సక్రమంగా వాడలేదు, మరమ్మతులు చూసుకోలేదు, ఏడాదికేడాది వాడకం తగ్గిపోయింది. ప్రయోగశాలలో నెగ్గిన పొయ్యి వంటింట్లో ఓడిపోయింది. అమ్మమ్మని ఒక పూట అడిగి ఉంటే సరిపోయేదేమో!

మా అక్క కూతురు బెంగళూరులో ఒక కంపెనీలో చేస్తోంది. ఫోన్లో మనం నొక్కే బొత్తాలూ, నింపే గడులూ ఎలా ఉండాలో చూసే ఉద్యోగం. మొన్న పండక్కి వచ్చినప్పుడు ఈ ట్యాబ్ అమ్మాయి కథంతా చెప్పాను. అది నవ్వింది. "పిన్నీ, అది అభిప్రాయ సేకరణ. వండేశాక ఉప్పు సరిపోయిందా అని అడగడం. మేము కూర తరగక ముందే వెళ్లి కూర్చుంటాం, అసలు ఈ ఇంట్లో ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు అని. దాన్ని యూజర్ ఇంటర్వ్యూ అంటాం" అంది. బ్రిటన్‌లో 2011లో ప్రభుత్వమే ఇందుకోసం ఒక డిజిటల్ విభాగం పెట్టిందనీ, వాడేవాళ్ల అవసరంతోనే పని మొదలుపెట్టాలన్నది వాళ్ల మొదటి సూత్రమనీ చెప్పింది.

"పెద్ద చదువేం అక్కర్లేదు పిన్నీ, నువ్వూ చెయ్యొచ్చు. కథలు రాస్తావుగా" అని రెచ్చగొట్టింది. అలా మొదలైంది నా ఇంటర్వ్యూల బాగోతం.

'బాగానే ఉందమ్మా!'

మొదటి ఇంటర్వ్యూ ఘోరంగా తప్పింది. రైతుబజారులో ఎప్పుడూ నేను ఆకుకూరలు కొనే ఆవిడ దగ్గర కూర్చుని, "రేషను షాపులో నీకు ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగాను. "లేవమ్మా, బాగానే ఇస్తున్నారు" అంది. "పింఛను?" "బాగానే వస్తోందమ్మా." నా పుస్తకంలో రెండు 'బాగానే'లు. వాటితో ఏం చేసుకోను?

ఆలోచిస్తే తప్పు నాదే. పుస్తకం, పెన్ను పట్టుకుని ఎవరైనా 'ఇబ్బందులున్నాయా' అంటే మనం ఏమంటాం? ఉన్నాయంటే ఎవరి మీద చెప్పినట్టవుతుందో, ఏ పేరు జాబితాలోంచి పోతుందోనని భయం. పైగా ఎదుటి మనిషిని నొప్పించకూడదన్న మర్యాద ఒకటి. పెళ్లిచూపుల్లో ఉప్మా ఎలా ఉందంటే ఎవరైనా ఉప్పెక్కువైందంటారా?

రాత్రి అక్క కూతురికి ఫోన్ చేశాను. "ఎలా ఉంది అనొద్దు పిన్నీ. పోయినసారి ఏం జరిగింది, అది అడుగు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పించు. ముందు నువ్వెవరో, ఎందుకు అడుగుతున్నావో చెప్పు. చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చని కూడా చెప్పు" అంది.

రెండోసారి వెళ్లినప్పుడు, నేను పత్రికలకి రాసేదాన్నే తప్ప ఏ ఆఫీసు మనిషినీ కాననీ, పేరు ఎక్కడా రాయననీ చెప్పాను. తర్వాత, "పోయిన నెల బియ్యానికి ఏ రోజు వెళ్లావు? ఆ రోజు ఏం జరిగింది?" అన్నాను. ఇక చూడండి! ఆ రోజు మార్కెట్టుకి తోటకూర తక్కువొచ్చిందట, అందుకని తొందరగా వెళ్లిందట. మిషను మీద బొటనవేలు పెడితే ముద్ర పడలేదు. చీర కొంగుకి తుడిచింది, మళ్లీ పెట్టింది. చూపుడువేలు. ఎడమచెయ్యి. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటుంటే సిగ్గేసి పక్కకి తప్పుకుంది. మర్నాడు కోడల్ని పంపింది. తన చేతులు తిప్పి నాకు చూపించింది. రోజూ నీళ్లలో కట్టలు తడిపి తడిపి వేళ్ల చివర్లు అరిగి, నున్నగా అయిపోయాయి. వేలు పడకపోతే కంటిపాపతో చూసే పద్ధతి కూడా ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. "అడగాలని నాకేం తెలుసు?" అంది.

ముందురోజు 'బాగానే ఉంది' అన్నది కూడా ఈవిడే. అబద్ధం చెప్పలేదు. బియ్యం వచ్చాయి కదా! ప్రశ్న మారింది, అంతే.

ఉచిత బస్సుల విషయమూ అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం. బాగుందా అని అడగండి, బాగుందనే అంటారు, బాగుంది కూడా. నిన్న ఎక్కడికి వెళ్లావు, ఎంతసేపు నిలబడ్డావు, వెంట ఎవరున్నారు, చేతిలో ఏముంది, దారిలో ఎక్కడ దిగి మళ్లీ ఎక్కావు అని అడగండి. బస్సు ఏ వేళకి ఉండాలో, అందులో సామానుకి చోటెంత కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఇలాంటిదే వియన్నాలో జరిగింది. 1999లో ఆ నగరం అధికారులు ఒక ప్రాంతంలో జనాన్ని, మీరు బస్సులూ రైళ్లూ ఎప్పుడు, ఎందుకు వాడతారో రాయమని కాగితాలిచ్చారు. మగవాళ్లు అయిదు నిమిషాల్లో రాసిచ్చేశారు. పొద్దున ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి. ఆడవాళ్లు రాస్తూనే ఉన్నారట. పిల్లని బడిలో దింపి, వైద్యుడి దగ్గరికి వెళ్లి, సరుకులు కొని, పెద్దవాళ్లని చూసి... అది చదివాక కొన్ని కాలిబాటలు వెడల్పు చేశారు, రోడ్డు దాటేచోట వెలుగు పెంచారు, పిల్లల బళ్లు తోసుకెళ్లడానికి వీలుగా మెట్లకి పక్కన వాలుదారులు కట్టారు. వియన్నా ఆడవాళ్లకీ మనకీ ఇంత పోలిక ఉంటుందని నేననుకోలేదు.

మూడో ఇంటర్వ్యూలో ఇంకో పాఠం. మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి. నేనేం అడిగినా పక్క గదిలోంచి వాళ్ల అత్తగారే జవాబు చెబుతున్నారు. "దానికేం తెలుసమ్మా, అన్నీ మా వాడే చూసుకుంటాడు." ఆ పిల్ల తల దించుకుని కుడుతూనే ఉంది. ఆ రోజుకి లేచి వచ్చేశాను. నాలుగురోజుల తర్వాత జాకెట్టు గుడ్డ తీసుకుని, అత్తగారు గుడికెళ్లే వేళ చూసుకుని వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఆ అమ్మాయికి చిన్న వ్యాపారానికిచ్చే రుణాల గురించి మొత్తం తెలుసనీ, ఏ కాగితం ఎక్కడ కావాలో కూడా తెలుసనీ, అడిగితే ఆయన 'చూద్దాంలే' అంటున్నాడనీ. దరఖాస్తులో అడ్డం పడింది కాగితం కాదు. ట్యాబ్‌లో ఇది ఏ గడిలో పెడతారు?

ఎదురింటి అత్తయ్యగారు నా లెక్కంతా తారుమారు చేశారు. ఆవిడకి అరవై ఎనిమిది. మంచి ఫోనుంది. యూట్యూబ్‌లో భజనలు వింటారు, అమెరికాలో మనవడితో వీడియోలో మాట్లాడతారు, పొద్దున్నే నాకు సుప్రభాతం పంపిస్తారు. మొబైల్ ఉన్నవాళ్ల లెక్కలో ఆవిడ తప్పకుండా ఉంటారు. మామయ్యగారికి పక్షవాతం వచ్చాక మాత్రం నెలరోజులు బ్యాంకులో డబ్బు తీయలేక, గ్యాసు బుక్ చేయలేక అవస్థపడ్డారు. "ఫోను వాడటం వచ్చు కదా అత్తయ్యగారూ?" అంటే, "అది వేరమ్మా. ఇది నొక్కితే పాట వస్తుంది. అది తప్పు నొక్కితే డబ్బు పోతుంది" అన్నారు. ఫోనుండటానికీ, నొక్కే ధైర్యం ఉండటానికీ మధ్య ఇంత దూరం ఉంది.

నేను ఫోన్లో రికార్డు చేసిన ఒక ఇంటర్వ్యూ అక్క కూతురికి పంపాను, మెచ్చుకుంటుందని. (రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చేశాను లెండి.) అది విని, "పిన్నీ, ఇందులో నువ్వే ఎక్కువ మాట్లాడావు" అంది. విన్నాను. నిజమే! ఆవిడ "అప్పుడు నేనూ..." అని ఆగితే చాలు, "భయపడ్డావా?" అని నేనే అందిస్తున్నాను. కథలు రాసే జబ్బు. ఎదుటివాళ్ల వాక్యం పూర్తి చేసేస్తే గానీ తోచదు. ఆవిడ పాపం "ఆ, భయమే" అంటోంది. ఏమో, ఆవిడ చెప్పబోయింది కోపమేమో!

అందుకని అయిదో మనిషి దగ్గర గట్టిగా నోరు మూసుకుని కూర్చున్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడుకున్నాం. చేతికి పనుంటే మాట ఇబ్బందిపడదు. ఆమెకి ముప్ఫై ఏళ్లు. భర్తతో పడక రెండేళ్లుగా పుట్టింట్లో ఉంటోంది. కోర్టులో కేసు నడుస్తోంది. దరఖాస్తుల గురించి మామూలుగానే చెప్పింది. అన్నీ అయ్యాక ఇంకేమీ అడగకుండా కాయలు తీస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి తనే అంది. "ఒకటుందక్కా. నా ఆధార్‌కి ఉన్నది ఆయన నంబరు. నేను ఏ ఆఫీసుకెళ్లి ఏది పెట్టినా ముందు ఆయన ఫోను మోగుతుంది. నేనెక్కడున్నానో, దేనికి తిరుగుతున్నానో నాకంటే ముందు ఆయనకి తెలిసిపోతుంది. అంకెలు చెప్పమని నేనాయన్ని అడగాలి. అందుకే ఏదీ పెట్టడం మానేశాను."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మా పనావిడకి అది మూడు పూటల కూలి. ఈమెకి అది కాపలా. ఓటీపీ పెట్టినవాళ్ల ఉద్దేశం మన కాగితాలు వేరొకరి చేతిలో పడకూడదనే కదా! ఆ వేరొకరు ఇంట్లోనే ఉంటారని వాళ్లకెవరు చెప్పాలి? నాలుగు జవాబుల ట్యాబ్‌తో ఈమె ఇంటికి వెళ్లి ఉంటే ఏమని నొక్కేదో తెలుసా? నేను అడిగాను. "ఫర్వాలేదు అనేదాన్ని" అంది.

ఎంతమందినని అడుగుతారు?

మా వారితో ఇదంతా చెబితే, "కోట్లమందికి సేవలందించాలి. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చిక్కుడుకాయలు తీస్తే ప్రభుత్వం నడుస్తుందా?" అన్నారు. ఆ ప్రశ్న తీసెయ్యదగ్గది కాదు. అయిదుగురితో మాట్లాడితే ఈ కష్టం ఎంతమందికి ఉందో తెలియదు. దానికి పెద్ద సర్వేలే కావాలి. కానీ సర్వేలో ఏం అడగాలో ఈ అయిదుగురే చెబుతారు. 'ఆధార్‌కి ఉన్న నంబరు మీ దగ్గరే ఉందా? లేకపోతే ఎవరి దగ్గరుంది?' ఈ ఒక్క ప్రశ్న సర్వేలో చేరిస్తే చాలు, బోలెడు బయటపడుతుంది. ఒక్కో రకం మనుషులు అయిదారుగురు, అదీ సేవ వాడుతున్నవాళ్లనే కాదు, మానేసినవాళ్లని వెతికి పట్టుకుని అడగాలి. అది లక్షలు ఖర్చయ్యే పని కాదు. కట్టేశాక పగలగొట్టుకోవడం కంటే చవకే.

బెంగళూరులో శామ్యూల్ పాల్ అనే ఆయన ఐఐఎం డైరెక్టరుగా చేసి, తర్వాత 1990ల్లో నగర సేవల మీద పౌరులచేత 'ప్రోగ్రెస్ రిపోర్టులు' ఇప్పించారు. నీళ్లు, కరెంటు, ఫోన్లు, ఒక్కో శాఖకీ జనం మార్కులు. పత్రికల్లో వస్తే శాఖలకి చురుక్కుమంది. కొన్ని మారాయి కూడా. అది గొప్ప పని. అయితే అది కూడా పరీక్షలు రాశాక వచ్చే మార్కులే. పాఠం చెప్పే ముందు పిల్లకి ఏమొచ్చో, ఏం రాదో కనుక్కునే పని వేరు, అది ఇంకా మన దగ్గర అలవాటు కాలేదు.

అడగడంలోనూ ప్రమాదాలున్నాయి. జాబితాలో పేర్లు తీసే అధికారం ఉన్న ఉద్యోగే వచ్చి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అడిగి వెళ్లి ఏమీ చేయకపోతే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. పైగా కూలి మనిషి ఒక గంట మనకిస్తే ఆవిడకది గంట కూలి. నేను ఆకుకూరలావిడ దగ్గర ఆ గంటలో అమ్ముడుపోనివన్నీ కొనేశాను. మూడురోజులు మా ఇంట్లో తోటకూరే. ప్రభుత్వం అడిగేటప్పుడు ఆ గంటకి డబ్బు లెక్కగట్టి ఇవ్వాలనే నా అభిప్రాయం. అధికారులకి సమావేశాల్లో జీడిపప్పు పెట్టగా లేనిది!

అధికారులు వచ్చేదాకా మనం ఆగాలా అని కూడా అనిపిస్తోంది. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలున్నాయి. నెలనెలా కూర్చుంటున్నాం, పొదుపు లెక్క రాసుకుని లేస్తున్నాం. ఒక నెల ఆ లెక్కయ్యాక ఇద్దరిద్దరుగా కూర్చుని, 'పోయినసారి ఆఫీసుకి వెళ్లిన రోజు పొద్దున్నించి చెప్పు' అని ఒకరినొకరు అడుక్కుంటే ఏం పోయింది? వాళ్లన్న మాటలు వాళ్లన్నట్టే రాసుకోవాలి, మన భాషలోకి దిద్దకూడదు. 'వేలు పడలేదు' అంటే వేలు పడలేదనే రాయాలి. 'బయోమెట్రిక్ వైఫల్యం' అని రాస్తే అందులో ఆవిడ వేలు కనిపించదు.

మా పనావిడ విషయం చెప్పి ముగిస్తాను. ఆధార్‌లో ఫోను నంబరు మార్చడానికి ఆధార్ కేంద్రానికే వెళ్లక్కర్లేదు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి మార్చే ఏర్పాటు 2021 నుంచి ఉంది. ఈ సంగతి నాకే మొన్న మొన్నటిదాకా తెలియదు. పోస్టాఫీసులో చెప్పి పిలిపించి, రుసుము కట్టి, మా అరుగు మీదే ఆవిడ నంబరు మార్పించాం. చిక్కుడుకాయల అమ్మాయికీ చెప్పాను. తనకీ అయింది. ఆ రోజే నా ఆధార్ కూడా తీసి చూసుకున్నాను. అందులో ఉన్నది మావారి నంబరు! డిగ్రీ చదివి, కథలు రాసి, ఇంతమందిని ప్రశ్నలడిగిన నేను ఆ ఒక్కటీ చూసుకోలేదు. పోస్ట్‌మ్యాన్ వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచాను.

తర్వాత అయిదు ఇంటర్వ్యూల సారాంశం, పేర్లు లేకుండా, తెల్లకాగితం మీద రెండు పేజీలు రాసి, సోమవారం అర్జీలు తీసుకునే చోటికి పట్టుకెళ్లాను. కౌంటర్లో ఆవిడ తిరగేసి చూసి, "ఇదేంటమ్మా, అర్జీయా, ఫిర్యాదా?" అంది. "రెండూ కాదండీ. ఆడవాళ్లు చెప్పినవి, మీరు కొత్తవి చేసేటప్పుడు పనికొస్తాయని..." అన్నాను. కంప్యూటర్లో వెతికింది. "అలాంటి కాలమ్ లేదమ్మా" అంది.

వెనక వరస పెరుగుతోంది. "సరే, ఫిర్యాదనే రాసుకోండి" అన్నాను. "ఫోను నంబరు?" అంది. నాదే చెప్పాను.